ఉచిత కచేరీకి డబ్బు కట్టేదెవరు?

వేసవి మొదలవగానే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తప్పకుండా తిరుగుతుంది. "ఈ శనివారం పార్కులో సింఫనీ. ఫ్రీ. పిల్లల్ని తీసుకురావచ్చు, భోజనం తెచ్చుకోవచ్చు." దాని కింద పది మంది బొటనవేలు పైకెత్తుతారు. ఒకరు పార్కింగ్ ఎక్కడ అంటారు, మరొకరు దోమల మందు మరవద్దంటారు. వేదిక మీద డెబ్భై ఎనభై మంది రెండు గంటల పాటు వాయిస్తారు కదా, వాళ్ళకు జీతం ఎవరిస్తున్నారని మాత్రం ఎవరూ అడగరు.

ఇప్పుడు అడగాల్సిన సమయం వచ్చింది. కళలకు సాయం చేసే ఫెడరల్ సంస్థ ఒకటుంది, నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్. 1965లో పుట్టింది. 2025 మే మొదటి వారంలో ఈ సంస్థను పూర్తిగా ఎత్తేయాలని వైట్‌హౌస్ బడ్జెట్ ప్రతిపాదించింది. అదే రోజు రాత్రికి దేశమంతటా అనేక కళాసంస్థలకు ఈమెయిళ్ళు వెళ్ళాయి. మీకు మంజూరైన గ్రాంటు రద్దయింది, లేదా వెనక్కి తీసుకుంటున్నాం అని వాటి సారాంశం. 2017 నుంచి మొదటి విడత ట్రంప్ ప్రభుత్వం కూడా ఏటా ఇదే ప్రతిపాదించింది, కాంగ్రెస్ ఏటా డబ్బు ఇస్తూనే వచ్చింది. కాబట్టి రేపటి నుంచి పార్కుల్లో సంగీతం ఆగిపోతుందని నేను భయపెట్టబోవడం లేదు. అయితే కోత ఎక్కడ పడినా ముందు తెగేది ఏదో ఊహించడం కష్టం కాదు. టికెట్టున్న కచేరీ ఎంతో కొంత డబ్బు తెస్తుంది. ఉచిత కచేరీ ఖర్చు తప్ప ఏమీ తేదు. అకౌంటెంటు కంటికి మొదట కనిపించేది అదే.

ఆ సంస్థ 2024 బడ్జెట్ 20.7 కోట్ల డాలర్లు. దేశ జనాభాతో భాగిస్తే తలకు అరవై సెంట్ల పైచిలుకు. దేశీ కొట్టులో సమోసా కూడా రాదు. అందులోనూ గ్రాంట్ల సొమ్ములో 40 శాతం రాష్ట్రాల కళామండళ్ళకూ ప్రాంతీయ సంస్థలకూ పోతుంది. అంటే మనం గడ్డి మీద దుప్పటి పరుచుకుని వినే సంగీతంలో వాషింగ్టన్ డబ్బు ఉన్నా కొద్దిగానే ఉంటుంది. మరి మిగతాది ఎక్కడిది? ఈ లెక్క ఊరికొక రకంగా ఉంది. దాన్ని విప్పి చూస్తే మనవాళ్ళ పాత్ర ఎక్కడుందో, ఎక్కడ లేదో తెలుస్తుంది.

ఖర్చు ఎందుకు తగ్గదు

ముందు ఒక చిన్న ఆర్థిక సూత్రం. విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1966లో ప్రదర్శన కళల ఖర్చుల మీద ఒక పుస్తకం రాశారు. వాళ్ళు చెప్పిన విషయం మన ఐటీ వాళ్ళకు ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. బీథోవెన్ ఐదో సింఫనీని 1808లో వియన్నాలో మొదటిసారి వాయించారు. అరగంట పైచిలుకు పట్టింది, పెద్ద బృందం కావాల్సి వచ్చింది. ఈ రోజు వాయించినా అరగంట పైచిలుకే, పెద్ద బృందమే. ఈ రెండు వందల ఏళ్ళలో చొక్కా కుట్టడానికి, ఉత్తరం చేరడానికి, లెక్కలు కట్టడానికి పట్టే మనుషుల శ్రమ ఎన్నో రెట్లు తగ్గింది. సింఫనీకి పట్టే శ్రమ తగ్గలేదు. తగ్గిస్తే అది ఆ సింఫనీ కాదు. మిగతా రంగాల్లో జీతాలు పెరుగుతుంటే వాయించేవాళ్ళ జీతమూ పెరగాలి, లేకపోతే ఆ వృత్తిలోకి ఎవరూ రారు. కనుక ఖర్చు ఏటా పెరుగుతుంది, ఉత్పాదకత అక్కడే ఉంటుంది. దీన్నే తరవాత "బామోల్ వ్యాధి" అన్నారు.

అమెరికాలో పెద్ద ఆర్కెస్ట్రాలు కూడా టికెట్ల మీదే బతకలేకపోవడానికి కారణం ఇది. టికెట్టుకు వంద డాలర్లు పెట్టినా ఖర్చులో సగం కూడా రాని బృందాలే ఎక్కువ. మిగతాది విరాళాలు, మూలధనం మీద వడ్డీ, స్థానిక ప్రభుత్వ సాయం. టికెట్టు కొన్నవాడి కుర్చీకి కూడా ఇంకొకరు సగం డబ్బు కడుతున్నారన్నమాట. ఉచిత కచేరీలో ఆ ఇంకొకరు మొత్తం కడుతున్నారు. తేడా అంతే.

మూడు నగరాలు, మూడు జేబులు

హ్యూస్టన్‌తో మొదలుపెడతాను. హర్మన్ పార్కులో మిల్లర్ అవుట్‌డోర్ థియేటర్ 1923లో మొదలైంది. కప్పు కింద సుమారు 1,700 సీట్లు, వెనక గడ్డి గుట్ట మీద ఇంకో 4,500 మందికి చోటు. హ్యూస్టన్ సింఫనీ అక్కడ వేసవి కచేరీలు దశాబ్దాలుగా ఉచితంగా చేస్తోంది. అదే వేదిక మీద భారతీయ నృత్యం, సంగీతం కూడా జరుగుతుంటాయి. కప్పు కింద కూర్చోవాలంటే ముందుగా ఉచిత టికెట్టు తీసుకోవాలి. గుట్ట మీదకు అదీ అక్కరలేదు.

దీనికి నగరం పెట్టే డబ్బులో పెద్ద భాగం హోటల్ గదుల పన్ను నుంచి వస్తుంది. హ్యూస్టన్‌లో హోటల్ గది తీసుకుంటే బిల్లు మీద 17 శాతం పన్ను పడుతుంది. రాష్ట్రానికి 6, నగరానికి 7, కౌంటీకి 2, స్టేడియాలు కట్టిన స్పోర్ట్స్ అథారిటీకి 2. నగరానికి వచ్చే 7 శాతంలో దాదాపు ఐదోవంతు కళలకు కేటాయిస్తారు. 150 డాలర్ల గదికి నగరం వాటా పదిన్నర డాలర్లు, అందులో కళలకు రెండు డాలర్లు. మనవాళ్ళ పెళ్ళికి వంద గదులు రెండు రాత్రులు బుక్ చేశారనుకోండి, ఆ లెక్కన నాలుగు వందల డాలర్లు హ్యూస్టన్ కళల ఖాతాలో పడ్డట్టు. పెళ్ళికి డాలస్ నుంచి, అట్లాంటా నుంచి వచ్చిన బంధువులు తమకు తెలియకుండానే హ్యూస్టన్ పిల్లలకు సింఫనీ వినిపించి వెళ్తున్నారు.

ఈ పద్ధతిలో తెలివి ఉంది, బలహీనత కూడా ఉంది. స్థానిక ఓటరు జేబు తగ్గదు కాబట్టి రాజకీయంగా గొడవ తక్కువ. కానీ 2020లో హోటళ్ళు ఖాళీ అయినప్పుడు ఈ పన్నూ పడిపోయింది. పైగా మనకు సంబంధించిన చిక్కొకటి ఇందులో ఉంది. హ్యూస్టన్ తెలుగువాళ్ళం అని చెప్పుకునేవాళ్ళలో చాలామంది ఉండేది షుగర్‌లాండ్, కేటీ, సైప్రెస్, పేర్‌ల్యాండ్ వైపు. అంటే నగర సరిహద్దు బయట. హ్యూస్టన్ మేయర్‌కు గానీ కౌన్సిల్ సభ్యులకు గానీ మనం ఓటు వేయం, నగరానికి ఆస్తిపన్ను కట్టం. గుట్ట మీద మాత్రం దుప్పటి పరుస్తాం. వినడానికి ఎవరూ అడ్డు చెప్పరు. అయితే బడ్జెట్ కోత గురించి చర్చ వచ్చినప్పుడు మన మాటకు బరువు ఎక్కడిది? ఓటు లేనివాడి మాటకు బరువు రావాలంటే హాజరు, విరాళం, సంస్థలో భాగస్వామ్యం ఉండాలి.

షికాగో పద్ధతి వేరు. అక్కడ గ్రాంట్ పార్క్ సంగీతోత్సవం 1935 నుంచి నడుస్తోంది. 2004లో మిలీనియం పార్కులో ఫ్రాంక్ గెరీ రూపొందించిన ప్రిట్జ్‌కర్ పెవిలియన్‌కు మారింది. 4,000 కుర్చీలు, పచ్చిక మీద 7,000 మందికి చోటు. పచ్చిక పైన ఉక్కు గొట్టాలతో జాలీలాంటి పందిరి ఉంటుంది. దానికి స్పీకర్లు వేలాడదీసి, చివర కూర్చున్నవాడికి కూడా హాల్లో ఉన్నట్టు వినపడేలా చేశారు. జూన్ నుంచి ఆగస్టు దాకా పది వారాలు, వారానికి రెండు మూడు రోజులు. డబ్బులో కొంత పార్క్ డిస్ట్రిక్ట్, నగరం ఇస్తాయి, మిగతాది దాతలు. విరాళమిచ్చి సభ్యులైన వాళ్ళకు ముందు వరసల్లో రిజర్వు సీట్లుంటాయి, వెనక సీట్లూ పచ్చికా అందరివీ. కొందరికి ఇది నచ్చదు. నాకు అన్యాయమనిపించలేదు. ముందు వరసవాడు కట్టిన డబ్బుతో వెనక పదివేల మంది వింటున్నారు. నేపర్‌విల్, అరోరా నుంచి రైలెక్కి వెళ్ళి విని రావచ్చు.

న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ 1965 నుంచి నగర పార్కుల్లో ఉచితంగా వాయిస్తోంది. సెంట్రల్ పార్కు ఒక్కటే అనుకోకండి. బ్రాంక్స్‌లో వాన్ కోర్ట్‌లాండ్ పార్కు, బ్రూక్లిన్‌లో ప్రాస్పెక్ట్ పార్కు, క్వీన్స్‌లో కన్నింగ్‌హామ్ పార్కు కూడా ఉన్నాయి. అంటే ఆర్కెస్ట్రాయే జనం దగ్గరకు వెళ్తోంది. ఖర్చు ప్రధానంగా దాతలది, స్పాన్సర్లది, దానికి తోడు నగరం సాయం. 1986 జులైలో లిబర్టీ విగ్రహం శతాబ్ది ఉత్సవాలప్పుడు సెంట్రల్ పార్కులో జరిగిన ఉచిత కచేరీకి ఎనిమిది లక్షల మంది వచ్చారని అంచనా. ఆ రోజు కర్ర పట్టుకుని నడిపించినవాడు బొంబాయిలో పుట్టిన పార్సీ, జుబిన్ మెహతా. అమెరికా చరిత్రలో అంత పెద్ద శాస్త్రీయ సంగీత సభకు నాయకత్వం వహించింది ఒక భారతీయుడని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

యంత్రం వచ్చి ఉద్యోగం తీసుకుపోయినప్పుడు

షికాగో ఉత్సవం ఎలా పుట్టిందో తెలుసుకుంటే ఈ రోజుల్లో మనకు ఇంకాస్త దగ్గరగా అనిపిస్తుంది. 1920ల చివర్లో టాకీలు వచ్చాయి. అంతవరకు మూకీ సినిమాకు థియేటర్‌లో కూర్చుని వాయించే వాద్యకారులు దేశమంతటా వేలల్లో ఉండేవాళ్ళు. శబ్దం ఫిల్ము మీదకే ఎక్కేసరికి వాళ్ళ ఉద్యోగాలు కొద్ది ఏళ్ళలోనే పోయాయి. దాని మీద మహా మాంద్యం వచ్చి పడింది. షికాగో వాద్యకారుల యూనియన్ నాయకుడు జేమ్స్ పెట్రిల్లో, పని లేని వాద్యకారులకు పనీ, డబ్బు లేని జనానికి సంగీతమూ ఒకేసారి అందేలా పార్కులో ఉచిత కచేరీలు పెట్టించాడు. అదే 1935 నాటి ఆరంభం.

అదే పెట్రిల్లో తరవాత దేశవ్యాప్త యూనియన్ అధ్యక్షుడై 1942లో ఒక మొండి పని చేశాడు. గ్రామఫోన్ రికార్డులు మా పొట్ట కొడుతున్నాయి, ఇక రికార్డింగులకు మావాళ్ళెవరూ వాయించరు అన్నాడు. యుద్ధం నడుస్తున్న రోజులు. పత్రికలు తిట్టిపోశాయి. రూజ్వెల్ట్ అంతటివాడు విజ్ఞప్తి చేసినా వినలేదు. రెండేళ్ళ పైన సాగిన ఆ సమ్మె 1944లో పెద్ద కంపెనీలు కూడా దిగిరావడంతో ముగిసింది. అమ్మే ప్రతి రికార్డు మీద కొంత సొమ్ము ఒక నిధికి కట్టాలి, ఆ నిధితో వాద్యకారులకు జీతమిచ్చి జనానికి ఉచితంగా కచేరీలు చేయాలి. ఇదీ ఒప్పందం. 1947లో వచ్చిన కార్మిక చట్టం ఇలాంటి నిధి యూనియన్ చేతిలో ఉండకూడదంది. దాంతో 1948లో స్వతంత్ర ధర్మకర్తతో మ్యూజిక్ పెర్ఫార్మెన్స్ ట్రస్ట్ ఫండ్ ఏర్పడింది. అది ఇప్పటికీ నడుస్తోంది. బళ్ళల్లో, వృద్ధాశ్రమాల్లో, పార్కుల్లో జరిగే ఎన్నో ఉచిత కచేరీల్లో వాయించేవాళ్ళ జీతానికి సాయం చేస్తోంది.

ఏఐ వచ్చి మన ఉద్యోగాలు ఏమవుతాయో అని ప్రతి పార్టీలోనూ మాట్లాడుకుంటున్నాం. లేఆఫ్ అయిన వాళ్ళు మన మధ్యే ఉన్నారు, వాళ్ళలో వీసా గడియారం కొట్టుకుంటున్న వాళ్ళూ ఉన్నారు. తొంభై ఏళ్ళ కిందట ఒక వృత్తి మొత్తానికి అదే జరిగింది. అప్పుడు ఆ వృత్తివాళ్ళు యంత్రాన్ని ఆపలేకపోయారు. యంత్రం సంపాదించిన దాంట్లో ఒక వాటా మాత్రం రాబట్టారు, దాన్ని తమలో తాము పంచేసుకోకుండా ఊరందరికీ ఉపయోగపడే పనికి మళ్ళించారు. పార్కులో దుప్పటి మీద కూర్చుని మనం వింటున్న దానిలో ఆ పోరాట ఫలం కూడా కొంత ఉంది.

మన పందిరి లెక్క

ఉచిత సంగీతం మనకు కొత్తదేమీ కాదు. శ్రీరామనవమి పందిళ్ళలో తొమ్మిది రోజులు హరికథ, కచేరీ, నాటకం. దసరా నవరాత్రులకు గుళ్ళో మళ్ళీ అదే. చాప తెచ్చుకున్నవాడు చాప మీద, తేనివాడు ఇసక మీద. టికెట్టు మాట ఎవరూ ఎత్తలేదు. కానీ హరికథకుడికి శాలువా, సంభావన, వయొలిన్ మృదంగాలకు తాంబూలంలో డబ్బు ఎవరో పెట్టారు. వీధి చందాలు, వర్తక సంఘం, ఊళ్ళో మోతుబరి. ఇంకా పెద్ద స్థాయిలో సంస్థానాలు. విజయనగర సంస్థానం 1919లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని తొలి ప్రిన్సిపాల్‌ని చేసింది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ ఆచార్యులై, తరవాత ప్రిన్సిపాల్ అయ్యారు. ఈ రోజు తిరుమల కొండ మీద నాదనీరాజనం వేదిక దగ్గర కూర్చుని ఎవరైనా కచేరీ వినవచ్చు. అది దేవస్థానం ఖర్చు, అంటే భక్తుల డబ్బు.

పందిరి పద్ధతిలో ఒక మంచి గుణముండేది. చందా ఇచ్చినవాడు ఎవరో ఊరందరికీ తెలుసు, ఇవ్వనివాడూ తెలుసు, అయినా ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని వినేవారు. ఇక్కడికొచ్చాక మన సంఘాల కార్యక్రమాల్లో ఆ గుణం కొంత తగ్గింది. ముందు వరసలకు తాడు కడతాం. స్పాన్సర్ల సన్మానాలు, ఫొటోలు, ప్రసంగాలు అయ్యేసరికి రాత్రి పదవుతుంది. ఇండియా నుంచి వచ్చిన కళాకారుడు అప్పటికి రెండు గంటలుగా తెర వెనక తంబూరా శ్రుతి చూసుకుంటూ ఉంటాడు. ఒక సంఘాన్ని వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు, దాదాపు అన్నిచోట్లా ఇదే తంతు. పార్కులో సింఫనీకి వెళ్ళినప్పుడు గమనించండి. ఒకరో ఇద్దరో వచ్చి రెండు నిమిషాలు మాట్లాడతారు, దాతల పేర్లు కార్యక్రమ పత్రంలో ఉంటాయి, చెప్పిన సమయానికి కర్ర పైకి లేస్తుంది. ఈ ఒక్క అలవాటు మనం ఉచితంగా తెచ్చుకోవచ్చు.

"అది మనకు అర్థం కాదులే"

ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. మన ఊళ్ళో ఆర్కెస్ట్రా అంటే పెళ్ళి పందిట్లో సినిమా పాటలు పాడే బృందం. ఇక్కడి ఆర్కెస్ట్రా అంటే నల్లకోట్లు, నిశ్శబ్దం, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియని బెరుకు. కానీ మన చెవికి ఆ ధ్వని కొత్తది కాదు. ఇళయరాజా పాటల్లో చరణానికీ చరణానికీ మధ్య వచ్చే వయొలిన్ల వరస విని పెరిగిన తరం మనది. ఆ ఇళయరాజాయే 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో తన సింఫనీ "వేలియంట్" వినిపించాడు. అప్పుడు మన ఫేస్‌బుక్ గోడలన్నీ ఆ వార్తతో నిండిపోయాయి. అదే రకమైన బృందం మనం ఉండే ఊరి పార్కులో ఉచితంగా వాయిస్తుంటే వెళ్ళడానికి అడ్డేమిటి?

సంబంధం ఇంకా పాతది కూడా. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో మద్రాసు కోటలో ఆంగ్లేయుల బ్యాండు విన్న ముత్తుస్వామి దీక్షితులు ఆ బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టారు. వాటినే నోట్టు స్వరాలు అంటాం. దాదాపు నలభై ఉన్నాయి. వాటిలో ఒకటి అచ్చంగా బ్రిటిష్ జాతీయగీతం బాణీ. ఆయన తమ్ముడు బాలుస్వామి ఒక యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చుకుని దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడు. ఈ రోజు మన పిల్ల బడి ఆర్కెస్ట్రాలో వయొలిన్ నిలబెట్టి వాయించి, ఆదివారం గురువుగారి దగ్గర అదే వయొలిన్‌ను పాదం మీద ఆనించి వర్ణం వాయిస్తోందంటే, ఆ తోవ రెండు వందల ఏళ్ళ కిందటే పడింది.

కుటుంబాలకు ఈ కచేరీలు ఎందుకు ముఖ్యమో రెండు ఆచరణాత్మక కారణాలు చెబుతాను. ఒకటి, చాలా హాళ్ళలో మామూలు కచేరీలకు ఐదారేళ్ళ లోపు పిల్లల్ని రానివ్వరు. పచ్చిక మీద ఆ నియమం లేదు. పిల్లవాడు ఏడిస్తే ఎత్తుకుని నాలుగడుగులు వెనక్కి నడవొచ్చు. రెండు, ఇండియా నుంచి ఆరు నెలలకు వచ్చిన అమ్మానాన్నలు. వాళ్ళకు కారు నడపడం రాదు, పగలంతా ఇంట్లో టీవీ, సాయంత్రం సబ్‌డివిజన్ చుట్టూ నడక. భాష అడ్డు రాని, టికెట్టు ఎంతని వాళ్ళు మొహమాటపడనక్కరలేని, వెయ్యి మంది మధ్య కూర్చునే సందర్భం ఈ దేశంలో వాళ్ళకు ఎన్ని దొరుకుతాయి? గుడి తరవాత ఇదేనంటాను.

వచ్చే అభ్యంతరాలు

మొదటిది: ఉచితంగా పెట్టినా వచ్చేది ఎలాగూ టికెట్టు కొనగలిగినవాళ్ళే కదా, దీనికి ప్రజల డబ్బెందుకు? ఇందులో నిజం కొంత ఉంది. మనమే ఉదాహరణ. ఈ దేశంలో సగటు ఆదాయం ఎక్కువున్న వర్గాల్లో మనమొకరం. కానీ దీనికి మందు కచేరీ మానేయడం కాదు. న్యూయార్క్ చేసినట్టు దాన్ని పేటలకు తీసుకెళ్ళాలి, స్థోమత ఉన్నవాళ్ళు ఖర్చులో వాటా పెట్టాలి.

రెండోది: వినేవాళ్ళే తగ్గుతున్నప్పుడు ఎందుకీ ఖర్చు? సర్వే లెక్కలు నిజంగానే బాగాలేవు. ఏడాదిలో ఒక్కసారైనా శాస్త్రీయ సంగీత కచేరీకి వెళ్ళిన అమెరికన్ పెద్దలు 1982లో 13 శాతం, 2017లో 8.6 శాతం, 2022లో 4.6 శాతం. చివరి అంకెలో కోవిడ్ ప్రభావం ఉంది. అయినా దిశ స్పష్టం. దీన్ని బట్టి ఉచిత కచేరీ అనవసరమని కొందరంటారు. నాకు తోచేది దానికి తిరగేసి. ఎనభై డాలర్ల టికెట్టు కొని, బేబీ సిటర్‌ను పెట్టి, తెలియని సంగీతాన్ని పరీక్షించి చూసేవాడు ఉండడు. కొత్త శ్రోత పుట్టేది పచ్చిక మీదే. దాన్ని తీసేస్తే ఆ 4.6 కూడా మిగలదు.

మూడోది మనవాళ్ళదే: మన సంగీతానికే డబ్బు చాలక గురువులు ఇబ్బంది పడుతుంటే ఇదెందుకు? న్యాయమైన ప్రశ్న. అయితే ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కాదు. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుపుతున్నవాళ్ళు మన సంగీతానికి ఈ గడ్డ మీద చోటు చేశారు. మిల్లర్ లాంటి వేదికలు లాభాపేక్ష లేని స్థానిక సంస్థలకు దరఖాస్తు చేసుకునే వీలిస్తాయి. ఆ నిధి బతికుంటేనే రేపు అదే గుట్ట మీద పంచరత్న కీర్తనలు ఆరువేల మంది వినే అవకాశం ఉంటుంది. సింఫనీకి కోత పడ్డ రోజున మన కచేరీకి మిగులుతుందనుకోవడం అమాయకత్వం.

చేయగలిగినవి

పెద్ద పనులేమీ చెప్పను. కచేరీకి వెళ్తే ఉచిత టికెట్టు రిజర్వు చేసుకునే వెళ్ళండి, రాలేకపోతే రద్దు చేయండి. సర్వే కాగితం ఇస్తే జిప్ కోడ్‌తో సహా నింపండి. ఎంతమంది వచ్చారు, ఎక్కడి నుంచి వచ్చారు అన్న లెక్కే గ్రాంటు దరఖాస్తుకు ఆధారం. నలుగురి కుటుంబం సినిమాకు వెళ్తే అయ్యే ఖర్చు మనందరికీ తెలుసు. ఏడాదికి ఒక్కసారి ఆ మాత్రం ఆర్కెస్ట్రాకు పంపండి. మన కంపెనీల్లో చాలావాటికి ఉద్యోగి ఇచ్చిన విరాళానికి సమానంగా తామూ ఇచ్చే పథకం ఉంటుంది. ఆ ఫారం నింపడానికి ఐదు నిమిషాలు చాలు, చాలామంది నింపరు. సంఘాల్లో పదవుల్లో ఉన్నవాళ్ళు ఏడాదిలో ఒక్క కార్యక్రమం తగ్గించైనా స్థానిక ఆర్కెస్ట్రాతో కలిసి పిల్లల కచేరీకి స్పాన్సర్ కావచ్చు. బోర్డుల్లో మనవాళ్ళు కూర్చునే దారి అదే.

నగర పరిధిలో ఉన్నవాళ్ళకు ఇంకో పని ఉంది. హ్యూస్టన్‌లో, న్యూయార్క్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. కాబట్టి బడ్జెట్ మీద చర్చ వసంతంలో, వేసవి మొదట్లో జరుగుతుంది. కౌన్సిల్ ముందు మాట్లాడడానికి పౌరులకు రెండు మూడు నిమిషాలు ఇస్తారు. అక్కడ చీర కట్టుకున్న ఒక అమ్మమ్మ గానీ, వయొలిన్ పెట్టె పట్టుకున్న ఒక పదేళ్ళ పిల్ల గానీ నిలబడి మేం ఈ కచేరీలకు వస్తాం అని చెబితే ఆ మాట రికార్డులోకి వెళ్తుంది. వేసవి కచేరీల తేదీలు ప్రకటించేదీ దాదాపు ఆ రోజుల్లోనే. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టేటప్పుడు కచేరీ తేదీతో పాటు బడ్జెట్ విచారణ తేదీ కూడా పెట్టండి.